అప్‌డేట్: అండమాన్‌కు వాటర్‌ప్రూఫ్ కెమెరా ఏది తీసుకున్నానంటే

హనుమకొండ నుంచి అండమాన్ వెళ్తున్నామని, సముద్రపు ఒడ్డునా నీటి లోపలా ఫొటోలు తీయడానికి యాక్షన్ కెమెరా కొనాలా, ఫోనునే కవరులో పెట్టి వాడుకోవాలా అని అడిగాను. మీ సలహాలన్నీ చదివాక ఓఎం సిస్టమ్ టీజీ-7 అనే చిన్న వాటర్‌ప్రూఫ్ కెమెరా తీసుకున్నాను. నీటినీ దుమ్మునూ ఎంతవరకు తట్టుకుంటాయో చెప్పడానికి ఫోన్లకు ఇచ్చే ఐపీ68 రేటింగ్ మంచినీటి పరీక్షల మీద ఆధారపడినది కనుక ఉప్పునీటిలో దానిని నమ్ముకోలేం. ఈ కెమెరా మాత్రం విడిగా కేసు లేకుండానే 15 మీటర్ల లోతు వరకు తట్టుకుంటుంది.

అన్నింటికంటే నన్ను ఆకట్టుకున్నది దీని మైక్రోస్కోప్ మోడ్. లెన్సుకు ఒక సెంటీమీటరు దూరంలో ఉన్న వస్తువు మీద కూడా ఫోకస్ కుదురుతుంది కాబట్టి, స్వరాజ్ ద్వీప్‌లో నడుములోతు నీళ్లలో నిలబడి, చిన్న గవ్వ అంచున ఉన్న సన్నని గీతలను సైతం స్పష్టంగా తీయగలిగాను. నీటిలో ఎరుపు రంగు మొదటి కొన్ని మీటర్లలోనే చాలావరకు మాయమవుతుంది. అందువల్ల నీటి లోపలి రంగులను సరిచేసే అండర్‌వాటర్ వైట్ బ్యాలెన్స్ సెట్టింగ్ పెట్టుకుని బాగా దగ్గరికి వెళ్లి తీసినవే బాగా వచ్చాయి, దూరం నుంచి తీసిన పగడాలన్నీ నీలంగానే కనిపిస్తున్నాయి.

బ్యాటరీ మూత లోపలి రబ్బరు సీలుపై ఒక్క ఇసుక రేణువు నిలిచినా నీరు చొరబడే ప్రమాదం ఉంది. కనుక దానిని ఒడ్డున కాకుండా గదిలోనే, పొడి చేతులతో తెరవండి. సముద్రంలో వాడిన ప్రతిసారీ మూతలు గట్టిగా మూసి మంచినీటిలో కాసేపు నానబెట్టండి. కెమెరా నీటిపై తేలదు, అందుచేత తేలే పట్టీ కూడా కొనండి. మన లక్నవరం చెరువులో పడవ మీది నుంచి చేయి జారినా అదే కాపాడుతుంది.