లేజర్ గ్రాఫీన్ సూపర్‌కెపాసిటర్: మీటర్‌లో 3 వోల్టులున్నా సెన్సర్ రీసెట్ అవుతోంది

ప్రశ్న:
సూపర్‌కెపాసిటర్ (మామూలు కెపాసిటర్ కన్నా చాలా ఎక్కువ ఛార్జి దాచేది) కోసం పాలీఇమైడ్ ఫిల్మ్ మీద కార్బన్ డయాక్సైడ్ లేజర్‌తో దువ్వెన పళ్ళలా ఎలక్ట్రోడ్లు గీశాను; లేజర్ తగిలినచోట ఫిల్మ్ గ్రాఫీన్‌గా మారుతుంది. పన్ను వెడల్పు 1 మి.మీ., సందు 0.3 మి.మీ. పైన పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్)-ఫాస్ఫారిక్ ఆమ్లం జెల్. ఒక్కో సెల్ సుమారు 8 మిల్లీఫారడ్లు, మూడు సిరీస్‌లో ఉన్నాయి. బ్లూటూత్ సెన్సర్ నిద్రలో ఉన్నంతసేపూ బాగుంటుంది. ప్రసారం (10 మిల్లీఆంపియర్లు, 5 మిల్లీసెకన్లు) మొదలవగానే రీసెట్. సెల్ పెద్దది చెయ్యాలా?

జవాబు 1:
కెపాసిటెన్స్ చాలకపోవడం కాదండీ, ఈఎస్ఆర్ (సెల్ లోపలి సిరీస్ నిరోధం) చూడండి. సిరీస్‌లో మీకు మిగిలేది 2.7 మిల్లీఫారడ్లు. ఒక పల్సుకు ఖర్చయ్యే ఛార్జి 50 మైక్రోకూలుంబులు, తగ్గేది 19 మిల్లీవోల్టులే. అదే ఒక్కో సెల్‌కు 40 ఓములున్నా మొత్తం 120 అవుతుంది, 1.2 వోల్టులు అక్కడే పోతాయి. మల్టీమీటర్‌కు ఇది చిక్కదు. ఆసిలోస్కోపులో వోల్టేజీ నిట్టనిలువుగా పడి, పల్సు ఆగగానే అలాగే లేస్తే దోషం నిరోధానిదే.

ఎక్కువ నష్టం పళ్ళను కలిపే పట్టీలో ఉంటుంది. లేజర్ గ్రాఫీన్ బాగా కుదిరినా చదరానికి (పొడవూ వెడల్పూ సమానమైన ముక్కకు) 15 ఓముల దగ్గర ఉంటుంది. 2 మి.మీ. వెడల్పు, 20 మి.మీ. పొడవున్న పట్టీ అంటే పది చదరాలు, చివరి పన్ను దాకా 150 ఓములు! పట్టీ పొడవునా సిల్వర్ పేస్ట్ పూసి, ఆరాక పాలీఇమైడ్ టేపుతో మూసి, ఆ తర్వాతే జెల్ వెయ్యండి. వెండికి ఆమ్లం తగిలితే తుప్పు, లీకేజీ (ఛార్జి లోలోపలే కారిపోవడం) రెండూ మొదలవుతాయి.

జవాబు 2:
చిప్ పక్కనే 100 మైక్రోఫారడ్ల సిరామిక్ కెపాసిటర్ కూడా పెట్టండి. పల్సంతా అదొక్కటే మోసినా తగ్గేది 0.5 వోల్టే. కాకపోతే డీసీ బయాస్ గ్రాఫ్ (వోల్టేజీ పెరిగేకొద్దీ కెపాసిటెన్స్ ఎంత తగ్గుతుందో చూపేది) చూసి ఎంచుకోండి, చిన్న సైజువి 3 వోల్టుల దగ్గర అచ్చువేసిన విలువ ఇవ్వవు.

ప్రశ్న అడిగినవారు:
పట్టీ సంగతి అర్థమైంది. ఒక సెల్ మాత్రం 1.3 వోల్టులకు ఎక్కుతోంది, జెల్‌లో బుడగలు. జెల్ పాళ్ళు తప్పా?

జవాబు 1:
పాళ్ళు కాదు, వోల్టేజీ. నీరు 1.23 వోల్టులకే విడిపోగలదు, సెల్‌కు 1 వోల్టు దాటనివ్వకండి. ఛార్జింగ్ మొత్తం మీద 2.7 దగ్గర ఆపి, ప్రతి సెల్‌కూ సమాంతరంగా 1 మెగాఓమ్ రెసిస్టర్ పెట్టండి. సుమారు 1 మైక్రోఆంపియర్ వృథా అవుతుంది, తప్పదు. లీకేజీ అంతకన్నా ఎక్కువుంటే ఈ రెసిస్టర్ సెల్‌లను సమం చెయ్యలేదు.

జెల్‌కైతే 10 మి.లీ. నీటిలో 1 గ్రాము పీవీఏ, 85–90 డిగ్రీల సెల్సియస్‌లో తేటపడేదాకా కలపాలి. పూర్తిగా చల్లారాక 85 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం 1 గ్రాము చుక్కలుగా వెయ్యండి, చేతికి గ్లవ్స్, కళ్ళకు అద్దాలతో. పూశాక రాత్రంతా ఆరనిచ్చి అంచులు సీల్ చెయ్యండి. సీల్ లేకపోతే నీరు ఆవిరై అయాన్ల కదలిక మందగిస్తుంది, ఈఎస్ఆర్ మళ్ళీ పెరుగుతుంది.