ఐదేళ్ల పాపతో కేదార్‌కంఠా వెళ్లొచ్చా?

కొండదారి: డిసెంబర్ సెలవుల్లో నేను, మా ఆవిడ, బాబు (9), పాప (5) ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠా శిఖరం ఎక్కుదామనుకుంటున్నాం. డెహ్రాడూన్ నుంచి సాంక్రీ దాకా జీపు, అక్కణ్ణుంచి నడక, రాత్రుళ్లు టెంట్లో. తోడుగా గైడ్ ఒక్కడే, మా సామాను మేమే మోసుకుంటాం. సంగతి వినగానే మా అత్తగారు అన్నం తినడం మానేశారు. చిన్నపిల్లలతో ఎవరైనా వెళ్లారా?

చలిమంట: బేఫికర్‌గా వెళ్లండి బ్రదర్. మావాడు ఆరేళ్లకే అలిపిరి 3,550 మెట్లు ఎక్కేశాడు, ఎత్తుకోమని ఒక్కసారి అడగలేదు.

ఇద్దరి_అమ్మ: మెట్లకీ దీనికీ సంబంధం ఏంటండీ? తిరుమల ఎత్తు సుమారు మూడు వేల అడుగులే. సాంక్రీ సుమారు 6,400, మొదటి రాత్రి ఆగే చెరువు జూడా కా తాలాబ్ 9,100, రెండో రాత్రి పడుకునే బేస్ క్యాంప్ 11,000 పైన, శిఖరం 12,500. పదివేలు దాటాక పడుకునే చోటు రోజుకి 1,600 అడుగులకు మించి పెరగకూడదని డాక్టర్లు చెప్తారు. ఎత్తు పడక తలనొప్పి వస్తే ఐదేళ్ల పిల్లకి చెప్పడం రాదు, విసుక్కుంటుంది, తిండి వద్దంటుంది, వాంతి చేసుకుంటుంది, మనమేమో మారాం చేస్తోందనుకుంటాం.

కొండదారి: అందుకే సాంక్రీలో ఒక రోజు ఆగి, తాలాబ్ దగ్గర రెండు రాత్రులు ఉంటాం. తేడా వస్తే దిగిపోతాం.

చలిమంట: మేడం అంకెలతో భయపెడుతున్నారు. ఆ ఊళ్ల పిల్లలు రోజూ ఆ కొండల్లోనే తిరుగుతారు.

ఇద్దరి_అమ్మ: వాళ్లు అక్కడే పుట్టారు. మీవాడు ఎక్కడ పుట్టాడు, కూకట్‌పల్లిలోనా?

నల్లరాయి: టెంటు, నాలుగు స్లీపింగ్ బ్యాగులు, స్టవ్, తిండి. మీ ఒక్కరి వీపు మీదే 18 కిలోలు తేలుతుంది. పాప నడవనంటే ఇంకో 16. ఎవరు మోస్తారు?

కొండదారి: అవసరమైతే సామానుకి మ్యూల్ (కంచరగాడిద) మాట్లాడుకుంటాం.

నల్లరాయి: మా సామాను మేమే అన్నారుగా? మ్యూల్ పెట్టుకుంటే అది బ్యాక్‌ప్యాకింగ్ కాదు.

కొండదారి: పేరేదైతే ఏంటి సార్, నేను అడిగింది పిల్లల గురించి!

చలిమంట: వదిలేయండి బ్రదర్, కొండలంటే పడనివాళ్లు ఇంట్లోనే ఉంటారు, పక్కవాళ్లనీ ఉండమంటారు.

ఇద్దరి_అమ్మ: నేను వెళ్లానండీ. అదే కొండ, మా బాబుకి అప్పుడు ఐదు. బేస్ క్యాంప్‌లో ఆ రాత్రి మూడుసార్లు వాంతి చేసుకున్నాడు. మా ఆయన "ఇంతదూరం వచ్చి..." అని తెల్లవారుజామున మూడింటికి గైడ్‌ని తీసుకుని శిఖరానికి వెళ్లిపోయారు. వాడి చేతులు నా చంకల్లో పెట్టుకుని తెల్లారేదాకా కూర్చున్నా. దిగేటప్పుడు వాణ్ణి వీపున కట్టుకున్నాం, మోసేవాళ్లకి చెమటలు పడుతుంటే కదలకుండా కూర్చున్న పిల్లాడు చల్లబడిపోతాడని అప్పటిదాకా తెలీదు, సాక్స్ విప్పితే పాదాలు తెల్లగా ఉన్నాయి. ఆయన ఫొటో ఇప్పటికీ హాల్లో ఫ్రేమ్ కట్టి ఉంది. ప్రతి చుట్టానికీ దాని కథ చెప్తారు, అందులో ఈ వాంతులు ఉండవు.

కొండదారి గారూ, ఇన్నిసార్లు రాశారు. మీ ఆవిడ ఏమన్నారో ఒక్కచోటా లేదు.

చలిమంట: అది మీ ఆయన తప్పు, కొండది కాదుగా.

ఇద్దరి_అమ్మ: కొండని నేనెప్పుడు అన్నాను?

కొండదారి: రాత్రి అడిగాను. డిసెంబర్ వద్దంది, వేసవిలో హర్ కీ దూన్ అయితే వస్తానంది. అది కూడా సుమారు 11,700 అడుగులే కానీ లోయ, ఎక్కి తీరాల్సిన శిఖరం లేదు. దారిలో ఓస్లా ఊరుంది, పాపకి బాగోకపోతే అక్కడే ఆగిపోవచ్చు. ఇంకో షరతు కూడా పెట్టింది. వెనక్కి పోదాం అని తనంటే ఎందుకని అడగకూడదట. దానికి నేనింకా సరే అనలేదు.

నల్లరాయి: అక్కడికి కూడా మ్యూల్‌తో వెళ్తే బ్యాక్‌ప్యాకింగ్ అనకండి.