రంగుల సీసాలు బల్ల మీద కనబడాలా, సొరుగులోకి పోవాలా?

మూడోచెయ్యి:
నాకున్నది ఒకటే బల్ల. 28 మి.మీ. సైజు చిన్న బొమ్మలకు రంగులేసేదీ దాని మీదే, అప్పుడప్పుడు కిట్‌లోని ప్లాస్టిక్ భాగాలు అతికించి 1/35 సైజు ట్యాంకు నమూనా కట్టేదీ దాని మీదే. రంగులు మెట్ల స్టాండులో, కట్టర్లు, ఆకురాళ్లు గోడకు కొట్టిన చిల్లుల బోర్డు మీద, మిగతాది ఎక్కడ చోటుంటే అక్కడ. ఇప్పుడు ఇంట్లో వాళ్లు అన్నీ సొరుగుల్లోకి పోవాల్సిందే, బల్ల ఖాళీగా కనబడాల్సిందే అంటున్నారు. కళ్ల ముందు లేని రంగు నాకైతే లేనట్టే. దాచేస్తే వాడను, వాడకపోతే ఎండిపోతుంది, ఎండిపోతే మళ్లీ కొంటాను.

తెరిచి పెట్టడమా, మూసి పెట్టడమా? "ఎవరి వీలు వాళ్లది" అనే జవాబు తప్ప ఏదైనా చెప్పండి.

బ్రష్షుబాబు:
తెరిచే పెట్టండి. ఇందులో రెండో మాట లేదు.

చాలామందికి దొరికేది రాత్రి అరగంట. అందులో పది నిమిషాలు సొరుగులు లాగి, సీసాలు ఏరుకుని, మళ్లీ సర్దడానికే పోతే ఇక ఆ రోజు కూర్చోబుద్ధి కాదు. హాబీ మానేసినవాళ్లలో సగం మంది విసుగొచ్చి మానలేదు, సామాను తియ్యడానికి బద్ధకించి మానేశారని నా అనుమానం.

స్టాండు కొనేటప్పుడు మాత్రం కన్నం సైజు చూసుకోండి. ఎక్కువగా 26 మి.మీ., 36 మి.మీ. రకాలు వస్తాయి. వల్లెహో, ఆర్మీ పెయింటర్ లాంటి కంపెనీల డ్రాపర్ సీసాలకు (నొక్కితే ముక్కులోంచి చుక్కలుగా పడేవి) 26 చాలు. సిటడెల్ కంపెనీ 12 మి.లీ. డబ్బాలు అందులో దూరవు, వాటికి 36 కావాలి. రెండూ ఉన్నవాళ్లు పెద్ద కన్నాలదే తీసుకోవాలి. సన్న సీసా పెద్ద కన్నంలో కాస్త ఒరుగుతుంది, అంతే. డబ్బా చిన్న కన్నంలో అసలు పట్టదు.

పాతకిట్లు:
బాబూ, మీరు రంగుల గురించి మాత్రమే మాట్లాడుతున్నారు. ఆయన అడిగింది మొత్తం సామాను గురించి.

తెరిచిన బల్ల మీద ముందు చేరేది దుమ్ము. వార్నిష్ కొట్టిన బొమ్మ ఆరేలోపు ఆ దుమ్మంతా దాని మీదే. మెరిసే వార్నిష్ అయితే ఒక్క నూలుపోగు పడినా గీత పడ్డట్టు కనబడుతుంది. కారు మోడళ్లు కట్టేవాళ్లను అడగండి, రంగు కొట్టిన వెంటనే బాడీ మీద డబ్బా ఎందుకు బోర్లిస్తారో చెబుతారు. గోడ బోర్డు మీద వేలాడే ప్రతి ఫైలూ, ప్రతి క్లిప్పూ దుమ్ము పట్టే చోటే. వారానికోసారి తుడుస్తారా? నాకు నమ్మకం లేదు.

ఆ తర్వాత ఎండ. కిటికీ పక్క బల్ల అయితే డెకాల్ షీట్లు (మోడల్ మీద అంటించే గుర్తులు, అంకెలు ఉన్న కాగితాలు) పసుపెక్కుతాయి. స్ప్రే డబ్బాల మీద 50 డిగ్రీలు దాటనివ్వొద్దని, నేరుగా ఎండ తగలనివ్వొద్దని రాసే ఉంటుంది. అందంగా ఉందని వాటిని కిటికీ గట్టు మీద వరసగా పేర్చిన ఫొటోలు చూస్తే నాకు టెన్షన్.

నా దగ్గర అన్నీ మూత ఉన్న పెట్టెల్లోనే. బయట చీటీ. లోపల ఏముందో తెలియకపోవడమనే సమస్యే లేదు.

బ్రష్షుబాబు:
స్ప్రే డబ్బాల విషయంలో మీతో గొడవ లేదు. డెకాల్స్ మాట తెచ్చారు కాబట్టి ఒకటి చెప్పనివ్వండి. ఏళ్ల తరబడి మూసిన పెట్టెలో ఉన్న పాత కిట్ డెకాల్స్ కూడా పసుపెక్కుతాయి. వాటిని తెల్లగా చేయడానికి మనవాళ్లు చేసేదేమిటి? జిప్ కవర్‌లో పెట్టి కిటికీ అద్దానికి అంటించి కొన్ని రోజులు ఎండ చూపించడం! మీ చీకటి పెట్టెకు అంత మహిమ ఉంటే ఆ తిప్పలు ఎందుకు?

రంగు సీసా పాడయ్యేది మూత దగ్గర. డబ్బా అంచు మీద రంగు ఎండి గట్టిపడితే మూత సరిగ్గా కూర్చోదు. ఆ సందులోంచి నీరు ఆవిరై లోపల రంగు రబ్బరులా తయారవుతుంది. అంచు తుడవని డబ్బాను సొరుగులో పెట్టండి, బీరువాలో పెట్టి తాళం వెయ్యండి, ఎండక మానదు. పైగా ఎదురుగా ఉంటే మూత సరిగ్గా పడలేదని కంటికి కనబడుతుంది. సొరుగులో ఎవరు చూస్తారు?

ఇసుకకాగితం:
ఇద్దరూ చెరో సగం పట్టుకుని లాగుతున్నారు. "తెరిచి", "మూసి" అనేది గదికి వేసే ప్రశ్న కాదు, వస్తువుకు వేసే ప్రశ్న. దేనికి ఏది పడదో చూడండి, దాని చోటు అదే తేలుతుంది.

నీటి ఆధారిత రంగులకు గడ్డకట్టే చలి, విపరీతమైన వేడి పడవు. గదిలో ఉండే మామూలు వెలుతురు వాటిని పెద్దగా ఏమీ చెయ్యదు. కాబట్టి కిటికీకి దూరంగా స్టాండులో పెట్టుకోవచ్చు. అక్కడ బాబు గారిదే గెలుపు.

సూపర్ గ్లూ గట్టిపడేది గాలిలోని తేమ వల్ల. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో ఉండాలి, బల్ల మీద కాదు. గ్రీన్ స్టఫ్ అనేది రెండు భాగాలు కలిపితే గట్టిపడే పుట్టీ; రిబ్బన్‌లా వచ్చే రకమైతే పసుపు, నీలం పట్టీలు ఒకదాన్నొకటి తాకే గీత దగ్గర ప్యాకెట్లోనే గట్టిపడిపోతుంది. దాన్ని చల్లగా ఉంచితే ఆ పని నెమ్మదిస్తుంది. వాడేముందు మధ్య గీతను బ్లేడుతో కోసి పారెయ్యాలి. త్రీడీ ప్రింటింగ్ రెసిన్‌కైతే వెలుతురే శత్రువు, నల్ల సీసాలో, చీకట్లో ఉండాల్సిందే.

ఇప్పుడు మూసి పెట్టడం వల్ల పాడయ్యేవి. వీటి గురించి ఎవరూ మాట్లాడరు. కిట్ పెట్టెలో మెత్తటి వినైల్ టైర్లు, ట్యాంకు పట్టాలు ప్లాస్టిక్ భాగాలకు ఆని ఏళ్లకేళ్లు ఉంటే ఆ వినైల్‌ను మెత్తగా ఉంచే రసాయనం పాలీస్టైరిన్‌లోకి, అంటే ఆ కిట్ ప్లాస్టిక్‌లోకి, దిగి దాన్ని కరిగించేస్తుంది. పెట్టె తెరిచేసరికి చక్రం మీద టైరు అచ్చు పడి ఉంటుంది. పాతకిట్లు గారు సీలు విప్పకుండా దాచుకునే కిట్లలో కూడా ఇది జరుగుతూనే ఉంటుంది, సీలు దాన్ని ఆపదు. కొన్న రోజే వినైల్ భాగాలను వేరే కవర్‌లో పెట్టాలి.

అంతకన్నా ఘోరం సీసపు బొమ్మలు. పాత లోహపు బొమ్మల్లో సీసం ఎక్కువ. ఓక్ లాంటి కలపతో చేసిన మూసిన అలమరలో పెడితే ఆ కలప నుంచి వచ్చే ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి లోపలే నిలిచిపోయి సీసాన్ని తెల్లటి పొడి చేస్తుంది. మ్యూజియంలలో పాత ఓడల నమూనాల మీది సీసపు లంగర్లు, ఫిరంగులు అద్దాల పెట్టెల్లో భద్రంగా ఉండగానే ఇలా పోయాయి. ఆ పొడి విషం కూడా, ఊదకూడదు. అలాంటి బొమ్మలుంటే లోహపు అర మేలు. చెక్క అలమరే గతి అయితే గాలి ఆడేలా ఉంచండి.

మూడోచెయ్యి:
అక్కా, ఆ వినైల్ సంగతి చదివి లేచి వెళ్లి కిట్ పెట్టెలన్నీ విప్పుతున్నాను. చర్చ నడుస్తూ ఉండనివ్వండి.

నత్తగుల్ల:
సూపర్ గ్లూ ఫ్రిజ్‌లో పెట్టమంటే నేను ఒప్పుకోను. తీసిన ప్రతిసారీ చల్లటి సీసా నోటి మీద నీరు పడుతుంది, తేమే కదా దానికి పడనిది?

ఇసుకకాగితం:
నేను ఫ్రిజ్ అనలేదండీ, గాలి చొరని డబ్బా అన్నాను. అయినా మీరు అన్నదాంట్లో సగం నిజం. సీలు విప్పని ట్యూబులను ఫ్రిజ్‌లో పెట్టొచ్చు, ఎక్కువ కాలం నిలుస్తాయి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా మూత తియ్యకూడదు, అంతే. విప్పిన ట్యూబును రోజూ లోపలికీ బయటికీ తిప్పడం మాత్రం దండగ. చిన్న ట్యూబులు కొనుక్కోవడం అన్నిటికంటే సులువు.

నత్తగుల్ల:
సరే. ఇక అసలు విషయానికి నా ఓటు మూడో దారికి: పనిని బట్టి సర్దుకోవడం. స్టాండూ వద్దు, సొరుగూ వద్దు. ఒక బొమ్మో, ఒక దళమో మొదలుపెట్టగానే అంచులున్న ఒక ట్రే తీస్తాను. ఆ పనికి కావలసిన రంగులు, బ్రష్షులు, ఆ బొమ్మ భాగాలు అన్నీ అందులోకి. లేచేటప్పుడు ట్రే ఎత్తి అర మీద పెడితే బల్ల ఖాళీ. మళ్లీ కూర్చున్నప్పుడు ఎక్కడ ఆపానో అక్కడే ఉంటుంది. మిగతా రంగులు ఎక్కడున్నా ఒకటే.

బ్రష్షుబాబు:
అర మీద అలాంటి ట్రేలు ఎన్ని ఉన్నాయో కూడా చెప్పండి నత్తగుల్ల గారూ. సగంలో ఆగిన ప్రతి పనికీ ఒకటి ఉంటుందిగా?

నత్తగుల్ల:
అది చర్చకు సంబంధం లేని ప్రశ్న.

రెండుబొట్లు:
ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నవాళ్లకు ఈ చర్చే అక్కర్లేదు అన్నా. మూసి, ఎత్తులో, గడియ పెట్టి. అంతే.

అందరూ బ్లేడ్ల గురించే భయపడతారు. బ్లేడు కనబడుతుంది, పిల్లలూ కాస్త భయపడతారు. నాకు అసలు భయం అయస్కాంతాలంటే. ఆయుధాలు, చేతులు మార్చుకోవడానికి బొమ్మల్లో పెట్టే ఆ చిన్న నియోడిమియం బిళ్లలు చూడ్డానికి మాత్రల్లా ఉంటాయి. ఒకటి కంటే ఎక్కువ మింగితే పేగుల గోడలకు అటూ ఇటూ అతుక్కుని మధ్యలోని పేగును నొక్కేస్తాయి, రంధ్రం పడుతుంది. అది ఆపరేషన్ దాకా వెళ్లే విషయం. బొమ్మల అడుగున అయస్కాంతం పెట్టి ఇనుప రేకు వేసిన పెట్టెలో నిలబెట్టే పద్ధతి నాకూ ఇష్టమే, నురుగు ట్రేలలో పెడితే కత్తుల కొసలు రాలిపోతాయి. కానీ విడి అయస్కాంతాలు మాత్రం పిల్లల చేతికి అందని చోట, గట్టి మూత ఉన్న డబ్బాలోనే ఉండాలి.

థిన్నర్లు, ప్లాస్టిక్ సిమెంటు (ప్లాస్టిక్ భాగాలను అతికించే జిగురు) కూడా అంతే. టమియా ఎక్స్‌ట్రా థిన్ సిమెంటు సీసాను చెయ్యి తగిలి ఒలకబోసుకోనివాళ్లు ఉంటే చెయ్యెత్తండి. 40 మి.లీ. చిన్న సీసా, మూత తీసి పని చేస్తుంటాం. దాన్ని వెడల్పాటి అడుగున్న హోల్డరులో దించి వాడండి. పని అయ్యాక మూత బిగించి మంటకు, హీటరుకు దూరంగా పెట్టండి.

పాతకిట్లు:
చూశారా, తిరిగి తిరిగి మూసిపెట్టడం దగ్గరికే వచ్చారు.

బ్రష్షుబాబు:
అయస్కాంతాలు, థిన్నరు మూసిపెట్టమంటే రంగులు మూసిపెట్టమని అర్థమా? ఎవరన్నారు?

సరే, మూసే పెడతామంటే బ్రష్షుల సంగతి కూడా చూడండి. తడి బ్రష్షుకు ప్లాస్టిక్ గొట్టం తొడిగి సొరుగులో పడేస్తే బూజు. తడిదాన్ని వెంట్రుకలు పైకి ఉండేలా కప్పులో నిలబెడితే నీరు లోహపు పట్టీలోకి దిగి, కర్ర ఉబ్బి, వెంట్రుకలు ఊడతాయి. పడుకోబెట్టి పూర్తిగా ఆరనిచ్చాక ఎక్కడైనా పెట్టుకోండి. కొలిన్‌స్కీ (జంతువు వెంట్రుకల) బ్రష్షులైతే నిజంగానే మూత ఉన్న పెట్టెలో ఉంచండి, వెంట్రుకలను పురుగు కొడుతుంది. చూడండి, మూసిపెట్టాల్సింది నేనే చెబుతున్నాను.

మూడోచెయ్యి:
వచ్చాను. ఒక కిట్లో వినైల్ పట్టా ప్లాస్టిక్‌ను ఆనుకునే ఉంది, ఇంకా అంటుకోలేదు. అన్నీ వేరు చేశాను. అక్కకు దండం.

ఇంట్లో వాళ్లతో మాట్లాడాను. బల్లకు ఒక పక్క గోడ మీద సన్న స్టాండు ఉండొచ్చట, బల్ల మీద మాత్రం ఏమీ ఉండకూడదట. కాబట్టి రోజూ వాడే రంగులు గోడ మీద, మిగతావి సొరుగులో. గ్లూలు, పుట్టీ, డెకాల్స్ జిప్ కవర్లలో, గట్టి మూత డబ్బాలో. అయస్కాంతాలు, బ్లేడ్లు పై అరలో. నత్తగుల్ల గారి ట్రే కూడా ఒకటి, ఒకటే, తీసుకుంటాను.

సొరుగులో పెడితే సీసాలు నిలబెట్టాలా, పడుకోబెట్టాలా, బోర్లించాలా? బోర్లిస్తే మూత దగ్గర గాలి చొరదని కొందరు అంటారు.

పాతకిట్లు:
నిలబెట్టండి. పైనుంచి చూసినప్పుడు మూత మాత్రమే కనబడుతుంది కాబట్టి ప్రతి మూత మీద ఆ రంగే ఒక చుక్క వేసి, పక్కన పేరో నంబరో రాయండి. పుస్తకాల అరలో పుస్తకం వెన్ను చూసి లాగినట్టు లాగొచ్చు. చుక్కను ఆరనిచ్చి చూసుకోండి, చాలా రంగులు ఆరాక కాస్త ముదురుతాయి. సొరుగు కొనేముందు మీ దగ్గరున్న అన్నిటికంటే పొడుగు సీసా ఎత్తు మూతతో సహా కొలవండి. ఇది చెయ్యనివాళ్లే తర్వాత పడుకోబెట్టడం మంచిదని సిద్ధాంతాలు చెబుతారు.

బ్రష్షుబాబు:
హహ, అది మాత్రం నిజం.

డ్రాపర్ సీసాను బోర్లించొద్దు. రంగుపొడి అంతా దిగి ముక్కు దగ్గర పేరుకుంటుంది, మొదటి చుక్క ముద్దలా వస్తుంది, లేదా అసలు రాక, నొక్కేసరికి ముక్కుతో సహా ఊడొస్తుంది. డబ్బాలను బోర్లిస్తే మూతలో రంగు ఎండి అంచు పాడవుతుంది. సీసాలో చిన్న గోళీ ఒకటి వేసి వాడేముందు బాగా ఊపండి. అది తుప్పు పట్టని స్టీలుదో, గాజుదో అయి ఉండాలి, లేకపోతే తెల్ల రంగు తెల్లగా ఉండదు.

ఇసుకకాగితం:
పడుకోబెట్టినా నష్టం లేదని నా మాట. రంగుపొడి పక్క గోడకు పరుచుకుంటుంది, ఊపితే అడుగున గడ్డ కట్టినదానికంటే తొందరగా కలుస్తుంది. మూత గట్టిగా ఉండాలి, అంతే.

పాతకిట్లు:
కలవదు. నేను ఒప్పుకోను. ఒకే రంగు సీసాలు రెండు తీసుకుని ఒకటి నిలబెట్టి, ఒకటి పడుకోబెట్టి ఉంచండి. ఏది ముందు కలుస్తుందో చూసి ఇక్కడే రాయండి. మెటాలిక్ రంగుతో చెయ్యండి, తేడా బాగా తెలుస్తుంది.

ఇసుకకాగితం:
వెండి రంగు రెండు సీసాలు ఇక్కడే ఉన్నాయి. ఒకటి ఇప్పుడే పడుకోబెట్టాను.