హీరోస్ 3: ఎస్టేట్స్ హీరోకి రోజుకు 500 సరిపోతుందా?

గోపి_మారతహళ్ళి
మన ఆదివారం బ్యాచ్‌కి తెలుసు, మిగతావాళ్ళ కోసం చెప్తున్నా. మేం బెంగళూరులో ఒకే ల్యాప్‌టాప్ మీద వంతులవారీగా హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ 3 ఆడతాం. 1999 ఆట, ఇంకా వదల్లేదు. ఇద్దరిద్దరు ఒక జట్టు. ఒకరు యుద్ధాలు చూసుకుంటే రెండోవాళ్ళు బంగారం కూడబెట్టి మార్కెట్ నుంచి పంపుతారు.

ఆ రెండో రకం హీరో మరీ తేలిపోతున్నాడు. ఎస్టేట్స్ అంటే హీరో రోజూ బంగారం తెచ్చిపెట్టే నైపుణ్యం. బేసిక్‌లో రోజుకు 125, అడ్వాన్స్‌డ్‌లో 250, ఎక్స్‌పర్ట్‌లో 500. అదే ఎక్స్‌పర్ట్ లాజిస్టిక్స్ అయితే నేల మీద నడక 30 శాతం పెరుగుతుంది. హీరోకి ఉన్నవే 8 నైపుణ్యాలు, అందులో ఒకటి ఎస్టేట్స్‌కి ఎవరిస్తారు? మనం ఆడేది వీసీఎంఐలోనే (ఈ ఆటను నడిపే ఓపెన్‌సోర్స్ ఇంజిన్) కాబట్టి ఫైల్లో అంకెలు మారిస్తే చాలు. 250, 500, 1000 చేద్దాం. ఏమంటారు?

కోట_సుబ్బు
వద్దు. ఒక్క హీరోని చూసి లెక్కేస్తే ఎలా గోపీ? మ్యాప్ మీద ఒక్కొక్కరికి 8 మంది హీరోలు ఉండొచ్చు. నువ్వన్నట్టు 1000 చేస్తే నలుగురు ఎక్స్‌పర్ట్‌లు కలిసి రోజుకు 4000 తెస్తారు. అది కేపిటల్ అనే కోట భవనం ఇచ్చే ఆదాయం. కేపిటల్ కట్టాలంటే 10,000 బంగారం పెట్టాలి, అంతకుముందు క్యాజిల్ కట్టాలి, పైగా రాజ్యానికి ఒక్కటే. ఆట తయారుచేసినవాళ్ళు ఆ హద్దు ఊరికే పెట్టలేదు. చిన్న మ్యాప్ అయితే నాకు అభ్యంతరం లేదు, ఆ డబ్బు తిరిగొచ్చేలోపే ఆట అయిపోతుంది. మనం ఆడేది 144×144, చాలా పెద్ద మ్యాప్.

గోపి_మారతహళ్ళి
నలుగురు ఎక్స్‌పర్ట్‌లా! అనుభవం ఎక్కడి నుంచి వస్తుంది వాళ్ళకి? మూడో లెవెల్‌కి 2000 పాయింట్లు కావాలి. కొట్లాడని హీరోకి దిక్కు మ్యాప్ మీద దొరికే నిధి పెట్టెలే. పెట్టె తెరిస్తే 2000 బంగారమా, 1500 అనుభవమా అని అడుగుతుంది. అనుభవం తీసుకుంటే ఆ 2000 పోయినట్టే. లెవెల్ పెరిగినప్పుడు ఎస్టేట్సే చూపిస్తుందని గ్యారంటీ కూడా లేదు.

జయనగర్_జాదూ
ఈగల్ ఐ (శత్రువు వేసిన మంత్రం చూసి నేర్చుకునే నైపుణ్యం) గురించి ఎవరూ మాట్లాడరేం?

కోట_సుబ్బు
అనుభవం అక్కర్లేని హీరోలున్నారుగా. కైట్లిన్‌ని చూడు. టావెర్న్‌లో ఆమెను పెట్టుకోవడానికి 2500, దిగిన రోజు నుంచి రోజుకు 350. ఎనిమిది రోజుల్లో పెట్టుబడి తిరిగొస్తుంది. ఆ తర్వాతంతా లాభమే. ఆమెను కోటలో కూర్చోబెడితే చాలు, వేలు కదపక్కర్లేదు.

గోపి_మారతహళ్ళి
నేను మాట్లాడేది ఎస్టేట్స్ గురించి, ఒక్కో హీరోకి మొదటి నుంచే ఉండే స్పెషాలిటీ గురించి కాదు. అయినా ఎనిమిది రోజులని గట్టిగా ఎలా చెప్తావ్? టావెర్న్‌లో ఆమె కనిపించాలి కదా ముందు. ఒకసారికి చూపించేది ఇద్దరినే.

కోట_సుబ్బు
కనిపిస్తే ఎనిమిది రోజులే. అది ఒప్పుకో.

గోపి_మారతహళ్ళి
కనిపించకపోతే?

శ్రీను_హెబ్బాళ్
ఏడో రోజుకు 2450, ఎనిమిదో రోజుకు 2800. లెక్క కరెక్టే. ఇక ముందుకి కదలండయ్యా.

నాదో మాట. డిప్లమసీ కూడా కత్తి ఎత్తని నైపుణ్యమే. దారిలో గుంపులకు గుంపులు వచ్చి చేరిపోతుంటే "వాడిది భలే లక్కు" అంటారు. కూర్చుని 500 సంపాదించేవాడి దగ్గరికి వచ్చేసరికి బ్యాలెన్స్ గుర్తొస్తుంది అందరికీ.

పద్మ_కేఆర్‌పురం
శ్రీను చెప్పింది నిజం. నేను ఆఫీసులో రిలీజ్ పని చూస్తాను. అర్ధరాత్రి బిల్డ్ పోతే ఫోన్ వచ్చేది నాకే. ఏడాది చివర స్టేజీ ఎక్కి శాలువా కప్పించుకునేది మాత్రం ఫీచర్ రాసినవాళ్ళు. ఆదివారం కూడా అదే బతుకు.

కోట_సుబ్బు
పద్మ గారూ, ఆఫీసు గొడవలు ఇక్కడెందుకండీ? 500 ఉండాలా, 1000 చేయాలా, అది చెప్పండి.

పద్మ_కేఆర్‌పురం
ఎదురుగా కూర్చున్నప్పుడు లేని "గారు" ఇక్కడెందుకు వచ్చింది? సరే, చెప్తా విను.

పోయిన ఆదివారం నువ్వూ నేనూ ఒక జట్టు. నా వంతు వస్తే నేనేం చేశాను? వాటర్ వీల్ దగ్గరికెళ్ళి 1000 తీసుకున్నా. మార్కెట్ తెరిచా. నీ జెండా నొక్కా, స్లైడర్‌ని ఆ చివరికి లాగా, పంపేశా. వంతు ముగించే ఇసుక గడియారం గుర్తు నొక్కా. మౌస్ నీ చేతికొచ్చింది. ఇక నువ్వు ఒక్కో యుద్ధం నింపాదిగా ఆడుకుంటుంటే మేం ముగ్గురం నీ భుజం మీద నుంచి చూస్తూ కూర్చున్నాం. నేను పంపిన బంగారంతో కోటలో మూడు వారాలుగా చేరిన ఏంజెల్స్ అనే సైనికుల్ని కొన్నావు, ఒక్కొక్కటి 3000. గ్రూపులో స్క్రీన్‌షాట్ పెట్టి "సుబ్బు దెబ్బ" అని రాసుకున్నావు.

కోట_సుబ్బు
జట్టు గెలిచింది కదా! స్క్రీన్‌షాట్‌కి కూడా ఏడుపేనా? యుద్ధం నీకు రాదు కాబట్టే ఆ పని ఇచ్చా.

శ్రీను_హెబ్బాళ్
సుబ్బూ, ఆ మాట బాలేదు.

పద్మ_కేఆర్‌పురం
రాదా? ఎప్పుడు ఆడనిచ్చావని తెలిసింది నీకు, రాదని? "పద్మా, నువ్వు ఖజానా చూసుకో" అని మ్యాప్ లోడ్ అవకముందే అనేస్తావు. అడగడం కూడా ఉండదు.

గోపీ, నీకూ చెప్తున్నా. నువ్వు మంచికే అడిగావు, కాదనను. కానీ 1000 చేస్తే జరిగేదేమిటి? సుబ్బుకి ఇంకో రెండు ఏంజెల్స్ వస్తాయి. నాకు అదే మార్కెట్, అదే స్లైడర్. నువ్వు బలం పెంచేది కొట్టేవాడికే, నా హీరోకి కాదు.

గోపి_మారతహళ్ళి
ఇది నాకు తట్టలేదు. అంకె కాకుండా పని పెంచాలంటావు. అయితే గ్రెయిల్ (మ్యాప్‌లో పాతిపెట్టి ఉండే నిధి) పెడదామా? ఎడిటర్‌లో గెలుపు షరతుగా గ్రెయిల్ కట్టడం పెట్టొచ్చు. ఓబెలిస్కులు (మ్యాప్ మీది రాతి స్తంభాలు) తిరిగితే, అది ఎక్కడుందో చూపే పజిల్ మ్యాప్ తెరుచుకుంటుంది. చోటు కనిపెట్టాలి, తవ్వడానికి హీరోకి ఆ రోజు నడక మొత్తం మిగిలి ఉండాలి, తవ్వి కోటకి తేవాలి. కట్టాక రోజుకు 5000 వస్తుంది, అది వేరే సంగతి. సైన్యం లేని హీరో కూడా ఆట గెలిపించగలడు.

కోట_సుబ్బు
ఓబెలిస్కుల దారిలో కాపలా గుంపులుంటాయి. వాటిని కొట్టేది మళ్ళీ నేనే కదా.

పద్మ_కేఆర్‌పురం
కొట్టు. కానీ ఎటువైపు గుంపుని ముందు కొట్టాలో నేను చెప్తాను. ఇప్పటిదాకా నీ దారికి నేను డబ్బు పోశాను, ఇకనుంచి నా దారి నువ్వు తియ్యి.

జయనగర్_జాదూ
ఆ గుంపుల్లో మంత్రం వేసేవాళ్ళుంటే ఈగల్ ఐ ఉపయోగపడుతుంది.

శ్రీను_హెబ్బాళ్
పడదు. మ్యాప్ నేను చేస్తా. ఓబెలిస్కులు ఎక్కడున్నాయో నాకు తెలిసిపోతుంది కాబట్టి ఈ వారం నేను ఆడను, ఎవరైనా నాలుగోవాళ్ళు రండి.

పద్మ_కేఆర్‌పురం
అంతకుముందు ఒకటి తేల్చండి. మొదటి ఆట మామూలు మ్యాప్ మీదే. ఎర్ర రంగు నాది, యుద్ధాలు నావి. సుబ్బు కైట్లిన్‌తో కూర్చుంటాడు. ఎనిమిది రోజుల్లో పెట్టుబడి తిరిగొస్తుందిగా.

కోట_సుబ్బు
సరే, కూర్చుంటా. నాకేం భయమా? కాకపోతే ఎస్టేట్స్ కనీసం 750 చేయండి.

గోపి_మారతహళ్ళి
ఇందాక 500 దాటితే ఆట పాడైపోతుందన్నావు?

కోట_సుబ్బు
1000 వద్దన్నాను. 750 గురించి నేనేమీ అనలేదు.

పద్మ_కేఆర్‌పురం
500. ఆదివారం పదకొండింటికి గోపి ఫ్లాట్‌లో. సుబ్బూ, మార్కెట్ మొదటి వారంలోనే కట్టు, మర్చిపోకు.