అమ్మమ్మ, అమ్మ, కూతురు: మూడు తరాల స్త్రీల పనిని చూపే నవలలు చెబుతారా?

అందరికీ నమస్కారం. మా అమ్మకు చూపు బాగా తగ్గింది. రోజూ రాత్రి భోజనాలయ్యాక నేనే ఏదో ఒక నవల చదివి వినిపిస్తున్నాను. డాక్టర్ పి.శ్రీదేవి గారి 'కాలాతీత వ్యక్తులు'లో, ఉద్యోగం చేస్తూ తండ్రిని పోషించే ఇందిర అమ్మకు ఎంతో నచ్చింది. తర్వాత వాసిరెడ్డి సీతాదేవి గారి 'మట్టి మనిషి' చదివాం. గొప్ప నవల, సందేహం లేదు. అయితే అందులో మూడు తరాలు తండ్రి, కొడుకు, మనవడి వరుసలో నడుస్తాయి. "ఆడవాళ్ళ తరాల గురించి ఎవరూ రాయలేదా?" అని అమ్మ అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆమె అలా అడగడానికి కారణం ఉంది. మాది నిజామాబాద్ వైపు. అమ్మమ్మ బీడీలు చుట్టేది. తడిపిన తునికాకు మీద రేకు పెట్టి కత్తిరించడం, చిటికెడు పొగాకు వేసి చుట్టడం, దారం కట్టడం, కొస మడవడం. మాట్లాడుతున్నా ఆమె వేళ్ళు ఆగేవి కావు. అమ్మ ఆ పని వదిలి కుట్టుమిషన్ పట్టింది. నేను నర్సును.

ఇలా తల్లి పని, కూతురి పని పక్కపక్కనే కనిపించే తెలుగు నవలలు, కథలు ఏమున్నాయి? పెళ్ళిళ్ళ గొడవలే కాకుండా చేతి పని, కూలి లెక్క కూడా ఉండాలి. తెలంగాణ నేపథ్యమైతే మరీ సంతోషం. అనువాదమైనా ఫరవాలేదు, పైకి చదివితే వినసొంపుగా ఉండాలి. ఇప్పుడు ఎక్కడ దొరుకుతాయో కూడా దయచేసి చెప్పండి.