గ్రీన్ బిల్డింగ్ ప్రోత్సాహకం: ప్లాన్ పెట్టేటప్పుడే అడగాలా, కట్టాక అడగాలా?

ఇల్లు మొదలెడుతున్నవాడు:
అందరికీ నమస్తే. సొంతిల్లు కట్టబోతున్నాం, కింద ఒక పోర్షన్, పైన ఒకటి. పర్యావరణానికి అనుకూలంగా కట్టేవాళ్లకి మున్సిపాలిటీ ఏదో ప్రోత్సాహం ఇస్తుందని విని ఆఫీసుకెళ్లి అడిగితే ఒకాయన కట్టేశాక రమ్మన్నాడు, పక్క టేబులాయన ఇప్పుడే ఫారం పెట్టుకోమన్నాడు. ఎవరి మాట వినాలో తెలియట్లేదు. ప్లాన్ ఇంకా ఇంజనీరు దగ్గరే ఉంది. ఎప్పుడు అప్లై చెయ్యాలి? దీనికోసం అదనంగా పెట్టే ఖర్చు గిట్టుతుందా? సోలార్ ప్లేట్లు పెట్టేస్తే గ్రీన్ అయిపోయినట్టే అంటున్నాడు మా బావమరిది, అది నిజమేనా?

ప్లాన్లు గీసేవాణ్ణి:
రెండో టేబులాయన మాట వినండి. కట్టాక వెళ్తే చాలాచోట్ల ఫైలే తీసుకోరు. ఎందుకంటే ప్రోత్సాహం అంటే చేతికి డబ్బిస్తారని మనం అనుకుంటాం గానీ, స్థానిక సంస్థలు ఎక్కువగా ఇచ్చేది వాళ్ల చేతిలో ఉన్నదే: త్వరగా అనుమతి, కొంచెం అదనపు నిర్మాణ విస్తీర్ణం, ఫీజులోనో ఆస్తి పన్నులోనో తగ్గింపు. మొదటి రెండూ ప్లాన్ దశలోనే తేలిపోతాయి, గోడలు లేచాక వాటితో పనేముంది? షికాగోలో 2005 ప్రాంతంలో గ్రీన్ పర్మిట్ అని పెట్టారు, అందులో ముఖ్యమైన ఎర ఫైలు త్వరగా కదలడమే. బిల్డర్‌కి వడ్డీ రోజూ పెరుగుతుంటుంది కాబట్టి అదే పెద్ద లాభం. అమెరికాలోనే వర్జీనియాలోని ఆర్లింగ్టన్ కౌంటీ అయితే లీడ్ (LEED, గ్రీన్ భవనాలకి పాయింట్లు వేసి రేటింగ్ ఇచ్చే పద్ధతి) సర్టిఫికెట్‌కి ఒప్పుకున్న భవనాలకి మామూలు పరిమితి కన్నా ఎక్కువ కట్టుకోనిస్తుంది. మీ రెండు పోర్షన్ల ఇంటికి ఈ అదనపు విస్తీర్ణం పెద్దగా అక్కరకు రాదు, మీరు చూసుకోవాల్సింది పన్ను తగ్గింపు.

ఒక పని చెయ్యండి. నోటిమాట కాకుండా ఈ ప్రోత్సాహం గురించి మున్సిపాలిటీ దగ్గరున్న ఉత్తర్వు కాపీ అడిగి తీసుకుని మూడు విషయాలు చూడండి. తగ్గింపు ఒక్కసారా, ఏటా వస్తుందా. సర్టిఫికెట్ ఎవరిది ఒప్పుకుంటారు, లేక వాళ్ల సొంత చెక్‌లిస్టు సరిపోతుందా. కట్టిన తర్వాత తనిఖీలో తేడా వస్తే ఇచ్చింది వెనక్కి తీసుకుంటారా. మూడోది ఎవరూ చదవరు, గొడవలన్నీ అక్కడే.

కిందటేడు కట్టినావిడ:
ఆ మూడో దానికి నేనే ఉదాహరణ అండీ. మేం అన్నీ సరిగానే చేశాం, ఇంకుడు గుంత కూడా తవ్వించాం, అడుగున పెద్ద రాళ్లు, దానిమీద కంకర, పైన ఇసుక. మేస్త్రీ చక్కగా పనిచేసి, ఆ ఉత్సాహంలో దానిమీద పార్కింగ్ టైల్స్ కూడా వేసేశాడు. తనిఖీకి వచ్చినాయన టైల్స్ చూసి "గుంత ఎక్కడ?" అన్నాడు. కాళ్ల కిందే ఉందండీ అన్నాను. "కనబడనిదానికి సంతకం ఎలా పెట్టను?" అన్నాడు, ఆయన తప్పు కూడా కాదు. టైల్స్ పగలగొట్టించాం, మళ్లీ వేయించాం, ఆ టెన్షన్‌లో నెలరోజులు పోయాయి. కాబట్టి పూడ్చకముందే ప్రతి పొరకీ ఫొటో తీసుకోండి, పక్కన టేపు పెట్టి, లోతు అంకె కనబడేలా, వెనకాల మీ ఇంటి గోడో గేటో పడేలా. గోడలో పోయే పైపులకీ అంతే. ఇటుకల బిల్లులు కూడా దాచండి, ఫ్లై యాష్ (బొగ్గు బూడిద) ఇటుక వాడామంటే సరిపోదు, బిల్లు అడుగుతారు.

ఇల్లు మొదలెడుతున్నవాడు:
అయ్యో, ఫొటోల సంగతి నాకు తట్టేదే కాదు. థ్యాంక్స్ అండీ. మరి సోలార్?

ప్లాన్లు గీసేవాణ్ణి:
సోలార్ మంచిదే, కానీ ఆఖర్న. ముందు కరెంటు అవసరం తగ్గించుకుని తర్వాత తయారుచేసుకోవాలి, మీ బావమరిది తలకిందులుగా చెప్తున్నాడు. కాగితం మీద ఉండగా పైసా ఖర్చు లేకుండా మార్చగలిగేది దిక్కు ఒక్కటే. పడమటి గోడకి పెద్ద కిటికీలు పెట్టొద్దు. సాయంత్రం ఎండ ఏటవాలుగా వస్తుంది కాబట్టి పైన సన్‌షేడ్ ఎంత వేసినా లోపలికొచ్చేస్తుంది, దాన్ని ఆపాలంటే నిలువు అడ్డం గానీ చెట్టు గానీ కావాలి. మెట్లు, బాత్‌రూములు, స్టోర్ ఆ వైపుకి తోసేస్తే పడగ్గది చల్లగా ఉంటుంది. తర్వాత స్లాబు మీద తెల్లటి కోటింగు, కాకపోతే దుమ్ము పడితే పనితనం తగ్గుతుంది, అప్పుడప్పుడూ కడగాలి.

నీళ్ల లెక్క సులువు. 100 చదరపు మీటర్ల కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 1,000 లీటర్లు. ఆవిరి, చెదరడం, మొదటి మురికినీళ్లు వదిలేయడం పోను 800 దాకా చేతికొస్తాయి అనుకుని ట్యాంకు సైజు చూసుకోండి.

సోలార్‌కి వస్తే, కిలోవాట్‌కి సుమారు 10 చదరపు మీటర్ల నీడలేని జాగా కావాలి. ఓవర్‌హెడ్ ట్యాంకు ఎక్కడ పెడతారో ఇప్పుడే గీయించండి. ట్యాంకు నీడ ఒక్క ప్లేటు మీద పడినా, ఒకే వరసలో కలిపిన మిగతా ప్లేట్ల ఉత్పత్తి కూడా పడిపోవచ్చు.

అపార్ట్‌మెంట్ కమిటీలో ఉన్నా:
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. మాది పాత బిల్డింగ్, మాకేమైనా ఉంటాయా? లీడ్ లాంటిది తీసుకోవచ్చా?

ప్లాన్లు గీసేవాణ్ణి:
పాత భవనాలకి విడిగా రేటింగులు ఉంటాయి. లీడ్‌లో 40 పాయింట్లు వస్తే సర్టిఫికెట్, 60కి గోల్డ్, 80కి ప్లాటినం. సరిగ్గా 40 చూసుకుని దిగకండి, రెండు మూడు పాయింట్లు సమీక్షలో పోతుంటాయి, ఐదారు ఎక్కువ పెట్టుకోండి. ఫీజులు, కన్సల్టెంటు ఖర్చు ఉంటాయి కనుక చిన్న బిల్డింగ్ అయితే నేను వద్దంటాను, స్థానిక చెక్‌లిస్టు చాలు. ఇంకోటి, మీ ఊళ్లో పన్నుతో కలిపి కట్టే అప్పు పథకం ఉందేమో కనుక్కోండి. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ నగరం 2008లో మొదలుపెట్టింది, సోలార్‌కి నగరమే డబ్బిచ్చి 20 ఏళ్లపాటు ఆస్తి పన్నుతో కలిపి వసూలు చేసుకుంది. ఇల్లు అమ్మేస్తే బాకీ కొన్నవాళ్లకి వెళ్తుంది. బావుంది గానీ అమ్మేటప్పుడు చెప్పకపోతే తంటా.

మేడ మీద మొక్కలు:
ఇప్పుడు ఐచ్ఛికం కదా, తర్వాత చూద్దాం అనుకునేవాళ్లకి ఒక మాట. స్విట్జర్లాండ్‌లో బాసెల్ నగరం మొదట పచ్చని కప్పులకి, అంటే మట్టి వేసి మొక్కలు పెంచే మేడలకి, డబ్బు సాయం చేసింది, 2002 నుంచి కొత్త చదును కప్పులకి వాటిని తప్పనిసరి చేసేసింది. సాయం ఉన్నప్పుడే వాడుకోవాలి. మేడ మీద మట్టి వెయ్యాలనుకుంటే మాత్రం తడిసిన మట్టి బరువు ఇంజనీరుకి ఇప్పుడే చెప్పండి, స్లాబు పోశాక చెప్తే ఆయన తల పట్టుకుంటాడు.

ఇల్లు మొదలెడుతున్నవాడు:
సరే, సోమవారం వెళ్లి ఉత్తర్వు కాపీ తీసుకుంటా. ఇంజనీరుకి ఫోన్ చేశాను, పడమర వైపు మాస్టర్ బెడ్‌రూమ్ పెట్టాడు, ఆరడుగుల కిటికీతో సహా. మెట్లు అటు జరపమన్నాను. "మళ్లీ మొదటినుంచి గియ్యాలండీ" అన్నాడు. గియ్యమన్నాను.