ఆదివారం ఓవర్‌టైమ్ వద్దన్నాను. తప్పు చేశానా?

మూడోషిఫ్టు:
మా దగ్గర వారానికి ఆరు రోజులు, 48 గంటలు పని. ఆదివారం కూడా వస్తే గంటకు రెట్టింపు ఇస్తామన్నారు. నాలుగు వారాలు వెళ్లాను, ఐదో వారం వద్దన్నాను. తోటివాళ్లు నన్ను పిచ్చివాడిని చూసినట్టు చూశారు. నా లెక్క ఒకటే. రెట్టింపు ఇస్తానన్నా వెళ్లలేదంటే, ఆ గంట నాకు రెట్టింపు కూలి కంటే ఎక్కువే కదా! పనిగంట కంటే ఖాళీ గంట విలువైనదని చెప్పడానికి ఇంకేం రుజువు కావాలి?

కొలిమి:
అది రుజువు కాదు, కడుపు నిండిన బేరం. మొదటి 48 గంటల జీతం చేతికొస్తోంది కాబట్టి 49వ గంట మీద దర్జా చూపిస్తున్నారు. ఆ జీతం ఆగిన రోజున ఇదే ఆదివారాన్ని సగం కూలికైనా ఇచ్చేస్తారు. పని లేనివాడికి రోజంతా ఖాళీయే. ఒక్క గంటైనా హాయిగా గడిచిందేమో వెళ్లి అడగండి. నాకు చిన్న వర్క్‌షాపు ఉంది. పాతికేళ్లుగా రోజుకు 14 గంటలు అందులోనే. వారానికి 168 గంటలు. మీ 48 పోను 120 ఖాళీ. ఇంకా ఎంత కావాలండీ?

చదువరి:
120లో నిద్ర కూడా ఉందా సార్?

కొలిమి:
నిద్రలో ఎవరూ పని చెయ్యరుగా. ఖాళీయే.

చదువరి:
ఎంతమాట! 19వ శతాబ్దం మొదట్లో రాబర్ట్ ఓవెన్ అనే సంఘ సంస్కర్త చెప్పిన సూత్రంలోనే పనికి 8, సొంత కాలక్షేపానికి 8, నిద్రకు 8 అని మూడు ముక్కలున్నాయి. నిద్రని రెండో ముక్కలో కలిపెయ్యలేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో చేసుకున్న మొట్టమొదటి ఒప్పందమే పరిశ్రమల్లో రోజుకు 8, వారానికి 48 గంటలు మించకూడదని. ఇప్పుడు మీ 120 చూద్దాం. నిద్ర 56 తీస్తే 64. రానూపోనూ రోజుకు రెండు గంటలు, ఆరు రోజులకు 12. మిగిలింది 52. స్నానం, వంట, బట్టలు, ఇంటిపని రోజుకు మూడేసి గంటలు వేసుకుంటే 21. చేతిలో ఉన్నది 31. అందులోంచి ఆదివారం 8 గంటలు ఇచ్చేస్తే నాలుగో వంతు పోయినట్టు.

గడియారం:
నేను బతికేదే నిద్రపోవడానికి. నా ఓటు కొలిమి గారికి.

కొలిమి:
ప్రయాణంలో రెండు గంటలూ ఫోన్లో వీడియోలు చూసేదెవరు? అదీ ఖాళీయే. మళ్లీ కలుపుకోండి.

చదువరి:
నిలబడటానికి చోటు లేని బండిలో వేలాడుతూ చూసేదాన్ని కాలక్షేపం అంటారా? ఇంకొకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, కార్మిక సంస్థ కలిసి 2021లో ఇచ్చిన అంచనా ప్రకారం, వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకి పక్షవాతం ముప్పు, 35–40 గంటలు చేసేవాళ్లకంటే 35 శాతం ఎక్కువ. రోజుకు 14 అంటే ఆరు రోజులకే మీవి 84.

కొలిమి:
నాకు బీపీ కూడా లేదు.

నిద్రగన్నేరు:
ఆ 21 గంటల్ని ఒక్క గీతతో కొట్టేశారు చదువరి గారు. అవి చేసేదెవరు? మా ఇంట్లో ఆదివారం ఆయన తీరిగ్గా ఉంటారు, నాకు గిన్నెలు రెండింతలవుతాయి. ఆయన పేపర్ చదువుతూ పాదాలు పైకెత్తుతారు, నేను కింద తుడుస్తాను. అప్పుడు ఖాళీగా ఉన్నది ఎవరు, పనిలో ఉన్నది ఎవరు? నాకు ఓవర్‌టైమ్ రేటు కూడా లేదు.

కొలిమి:
మేడమ్, అది వేరే టాపిక్.

నిద్రగన్నేరు:
అదే టాపిక్ సార్. మీ 14 గంటలు నడవడానికి మీ ఇంట్లో ఎవరో ఒకరు 16 గంటలు నిలబడి ఉంటారు.

గడియారం:
1930లో కీన్స్ అనే ఆర్థికవేత్త, వందేళ్లకి మనుషులకు వారానికి 15 గంటల పని చాలన్నాడు. 2030 వచ్చేస్తోంది. నాకు ఆ 15 మంగళవారానికే అయిపోతున్నాయి.

మూడోషిఫ్టు:
కొలిమి గారూ, ఒకటడుగుతాను. మీ దగ్గర పనిచేసేవాళ్లు ఎన్నింటికి ఇంటికెళ్తారు?

కొలిమి:
నేనెవరినీ పట్టుకుని ఆపను. నేనుంటే వాళ్లూ ఉంటారు. రాత్రి ఏదైనా గుర్తొస్తే మెసేజ్ పెడతాను, అదీ "పొద్దున చూసుకోండి" అనే రాస్తాను. ఇందులో తప్పేముంది?

మూడోషిఫ్టు:
అదేనండీ తప్పు! మీరుంటే వాళ్లెందుకుంటారో మీకు తెలీదా? తమరు లేవందే కుర్చీలోంచి ఎవడు లేస్తాడు? సరే, నిజం చెప్తాను. నేను ఆదివారం మానేసింది కూలి లెక్క వేసుకుని కాదు. అంతకుముందు ఒక రాత్రి మా సూపర్‌వైజర్ ఇలాగే మెసేజ్‌లు పెడుతున్నాడు. ఫోన్ బోర్లా పెట్టాను. బల్ల మీద గుర్రుగుర్రుమంటోంది. మా అమ్మాయి దిండు తెచ్చి దాని మీద పెట్టి, "ఇప్పుడు చెప్పు కథ" అంది. చెప్పాను. సగంలో ఆపి "రాజుగారి పేరు మార్చేశావు నాన్నా" అంది. నా చెవి దిండు కిందే ఉంది మరి.

చదువరి:
ఫ్రాన్సులో 2017 నుంచి, 50 మంది, ఆపైన ఉన్న సంస్థల్లో పని వేళల తర్వాత ఫోన్, మెయిల్ పట్టించుకోకుండా ఉండే హక్కు గురించి ఉద్యోగులతో మాట్లాడి తేల్చుకోవాలని చట్టముంది.

కొలిమి:
నా దగ్గర ఉన్నది ఆరుగురు. చట్టాలు తర్వాత. జీతాల ముందు రోజు రాత్రి నేను నిద్రపోయానా అని ఎవరైనా అడిగారా? మధ్యలో ఒక ఏడాది ఆర్డర్లు ఆగిపోయాయి. పొద్దున తలుపు తీసి, మెషీన్ల మీద దుమ్ము తుడిచి, సాయంత్రం దాకా రోడ్డు చూస్తూ కూర్చునేవాణ్ని. అప్పుడు నాకు బోలెడంత ఖాళీ. దాని విలువెంతో నన్నడగండి. మీరు ఖాళీ అన్నప్పుడల్లా నాకు ఆ దుమ్మే కనిపిస్తుంది.

నిద్రగన్నేరు:
అది ఖాళీ సార్. ఆయన అడుగుతున్నది తీరిక. మొదటి నుంచీ ఇద్దరూ ఒకే మాట పట్టుకుని రెండు సంగతులు మాట్లాడుతున్నారు. నాకైతే రెండూ లేవనుకోండి.

మూడోషిఫ్టు:
మీ ఆ ఏడాది సంగతి నాకు తెలీదు సార్. తమరు గిమరు అన్నాను, ఏమీ అనుకోకండి. కానీ మెసేజ్ మాటలో మాత్రం నేను తగ్గను.

కొలిమి:
పొద్దున పెడదామంటే మర్చిపోతానండీ. అందుకే రాత్రి.

గడియారం:
రాత్రే రాసి, పొద్దున తొమ్మిదికి వెళ్లేలా షెడ్యూల్ చెయ్యొచ్చు సార్.

కొలిమి:
అది ఎక్కడుంటుంది? మా అబ్బాయిని అడుగుతాను. నిద్ర మాత్రం ఖాళీ సమయమే.

చదువరి:
కాదు.